అంగడి షట్టరు – చుట్టలో దాగిన శక్తి

ఉదయం తొమ్మిది గంటల వేళ హిందూపురం బజారులో నడుస్తూ గమనించండి. గడగడమని చప్పుడు చేస్తూ ఒకదాని తరువాత ఒకటి షట్టర్లు పైకి లేస్తుంటాయి. ధర్మవరంలో పట్టుచీరల అంగడి అయినా, పెనుకొండలో కిరాణా అంగడి అయినా ఇదే తీరు. ఒక్క మనిషి వంగి, పిడి పట్టుకొని ఎత్తుతాడు. అంత పెద్ద ఇనుప తెర తనంతట తానే చుట్టుకొని పైన దాక్కుంటుంది.

ఆ తెర బరువెంతో, ఆ బరువును నిజంగా మోసేది ఎవరో మీరెప్పుడైనా ఆలోచించారా? ఇది తెలిస్తే షట్టరులో ఏదైనా భాగం పాడైనప్పుడు దాని బదులు ఎలాంటిది తేవాలో కూడా తెలుస్తుంది. మనలో చాలామంది ఇళ్లలో అంగడి ఉంటుంది. బడికి వెళ్లేముందు షట్టరు ఎత్తి వెళ్లే పిల్లలూ ఉంటారు. కాబట్టి ఈ పాఠం పరీక్ష కోసమే కాదు, మన చేతివేళ్ల క్షేమం కోసం కూడా.

బరువు లెక్క

మన షట్టరు వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు అనుకుందాం. వైశాల్యం 9 చదరపు మీటర్లు. చిన్న అంగళ్ల షట్టర్లకు వాడే ఉక్కు పట్టీ మందం 0.9 మిల్లీమీటరు అని తీసుకుందాం. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు.

ఒక చదరపు మీటరు రేకు ఘనపరిమాణం 10,000 × 0.09 = 900 ఘన సెంటీమీటర్లు. దాని ద్రవ్యరాశి 900 × 7.85 = 7,065 గ్రాములు, అంటే సుమారు 7 కిలోలు. కానీ పట్టీలు చదునుగా ఉండవు. అవి విల్లులా వంగి, అంచులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉంటాయి. అందుచేత రేకు ఎక్కువ పడుతుంది. చదరపు మీటరుకు 10 కిలోలు వేసుకుందాం. మొత్తం షట్టరు 9 × 10 = 90 కిలోలు!

తొంభై కిలోలంటే దాదాపు రెండు సిమెంటు బస్తాలు. వాటిని ఒక మనిషి ఒంటి చేత్తో తల పైదాకా ఎత్తగలడా? ఎత్తలేడు. మరి షట్టరును ఎలా ఎత్తుతున్నాడు?

బరువుకు బరువు, బరువుకు స్ప్రింగు

రైల్వే గేటును చూసే ఉంటారు. పొడుగాటి కమ్మీ ఒకవైపు ఉంటే, ఇరుసుకు రెండోవైపున బరువైన ఇనుప దిమ్మె ఉంటుంది. కమ్మీ బరువు గేటును కిందికి తిప్పాలని చూస్తే, దిమ్మె బరువు పైకి తిప్పాలని చూస్తుంది. రెండు భ్రామకాలూ దాదాపు సమానం. అందువల్ల గేటుమనిషి కొద్దిపాటి బలంతోనే దాన్ని లేపగలుగుతాడు. పాతకాలపు ఏతంలో ఉన్నదీ ఇదే సూత్రం.

షట్టరుకు అలాంటి దిమ్మె వేలాడదీసే చోటు ఉండదు. ఆ పని స్ప్రింగులు చేస్తాయి. షట్టరు పెట్టెలో, పైన, గోడల మధ్య అడ్డంగా ఒక పైపు ఉంటుంది. సాధారణంగా చేత్తో ఎత్తే షట్టర్లలో ఈ పైపు తిరగదు. రెండు చివరలా బ్రాకెట్లకు బిగించి ఉంటుంది. పైపు చుట్టూ ఉక్కుతీగ స్ప్రింగులు ఉంటాయి. స్ప్రింగు ఒక కొన పైపుకు, రెండో కొన పైపు మీద తిరిగే చక్రానికి తగిలించి ఉంటాయి. షట్టరు పట్టీలు ఆ చక్రాలకు బిగించి ఉంటాయి.

షట్టరును కిందికి లాగినప్పుడు చక్రాలు తిరిగి స్ప్రింగులను మెలిపెడతాయి. మన చేతి బలం, షట్టరు బరువు చేసిన పని స్ప్రింగులలో స్థితిజ శక్తిగా నిలువ ఉంటుంది. ఎత్తేటప్పుడు స్ప్రింగులు విప్పుకొంటూ ఆ శక్తిని తిరిగి ఇస్తాయి.

ఇందులో ఒక చక్కని పొందిక ఉంది. షట్టరు పూర్తిగా కిందికి ఉన్నప్పుడు వేలాడే బరువు ఎక్కువ. అప్పుడే స్ప్రింగు కూడా ఎక్కువగా మెలితిరిగి ఉంటుంది. షట్టరు పైకి పోయేకొద్దీ వేలాడే బరువు తగ్గుతుంది, స్ప్రింగు బలమూ తగ్గుతుంది. అందువల్ల మొదటినుంచి చివరిదాకా చేతికి పడే భారం కొద్దిగానే ఉంటుంది.

ఈ పొందిక వెనుక ఉన్న నియమాన్ని ఇంగ్లాండుకు చెందిన రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. స్థితిస్థాపక అవధిని దాటనంతవరకు స్ప్రింగు ఎంత సాగితే అంత బలంతో వెనక్కు లాగుతుంది. మెలిపెట్టే స్ప్రింగుకూ ఇదే వర్తిస్తుంది. రెండు చుట్లు తిప్పితే, ఒక చుట్టుకు ఉన్నదానికి రెట్టింపు భ్రామకం వస్తుంది.

నిలువ ఉన్న శక్తి ఎంత?

షట్టరు పైకి చుట్టుకున్నప్పుడు దాని గరిమనాభి సుమారు 1.5 మీటర్లు పైకి లేస్తుంది. స్థితిజ శక్తి = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు. అంటే 90 × 9.8 × 1.5 = 1,323 జౌళ్లు. మూసి ఉన్న షట్టరు స్ప్రింగులు దాదాపు ఇంత శక్తిని పట్టుకొని కూర్చొని ఉంటాయి. 50 కిలోల సిమెంటు బస్తా 2.7 మీటర్ల ఎత్తునుంచి పడితే ఎంత శక్తి వెలువడుతుందో ఇదీ అంతే. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి. షట్టరు పెట్టెలో తెలియనివారు చేయి పెట్టకూడదని పెద్దలు ఎందుకంటారో ఇది చెబుతుంది.

అర మిల్లీమీటరు చేసే చేటు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక రోజు స్ప్రింగు తెగుతుంది. కొత్తది కావాలి. సామాన్ల అంగడిలో ఒకేలా కనిపించే స్ప్రింగులు వరుసగా వేలాడుతుంటాయి. ఒకదాని ధర తక్కువ. తీగ కాస్త సన్నం, అంతే. "అర మిల్లీమీటరు తేడాకు ఏమవుతుంది?" అని అనిపిస్తుంది.

లెక్క వేద్దాం. మెలిపెట్టే స్ప్రింగు గట్టిదనం తీగ వ్యాసపు నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. స్ప్రింగును మెలిపెట్టినప్పుడు దానిలోని తీగ ప్రతిచోటా వంగుతుంది. తీగ లావైతే మూడు మార్పులు వస్తాయి. ఒకటి, అడ్డుకోతలో లోహం పెరుగుతుంది. ఇది వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. రెండు, మధ్యనుంచి దూరంగా ఉన్న పొరలు ఎక్కువగా సాగుతాయి. మూడు, ఆ దూరపు పొరల బలం పొడవైన చేయితో పనిచేస్తుంది. వర్గం, దానిమీద మరొక రెండుసార్లు వ్యాసం: మొత్తం నాలుగో ఘాతం. తీగ వ్యాసం రెట్టింపయితే గట్టిదనం 16 రెట్లవుతుంది.

పాత తీగ 6 మిల్లీమీటర్లు, కొత్తది 5.5 మిల్లీమీటర్లు అనుకోండి. 6ను నాలుగుసార్లు హెచ్చిస్తే 1,296. 5.5ను నాలుగుసార్లు హెచ్చిస్తే సుమారు 915. 915ను 1,296తో భాగిస్తే 0.71. అంటే కొత్త స్ప్రింగుకు పాతదాని బలంలో నూటికి 71 వంతులే ఉంది! స్ప్రింగులన్నిటినీ అలాగే మార్చి, అన్నే చుట్లు తిప్పితే, 90 కిలోలలో సుమారు 64 కిలోలనే అవి మోస్తాయి. మిగిలిన 26 కిలోలు మన చేతిమీద పడతాయి. చేయి జారితే షట్టరు కిందికి దూకుతుంది.

"మరికొన్ని చుట్లు ఎక్కువ తిప్పితే సరిపోతుంది కదా!" అని కొందరంటారు. బలం సరిపోతుంది, నిజమే. కానీ అదే భ్రామకం సన్నని తీగమీద పడితే తీగలో కలిగే ప్రతిబలం వ్యాసపు ఘనానికి విలోమంగా పెరుగుతుంది. మన లెక్కలో అది 30 శాతం ఎక్కువ. అలాంటి తీగ ముందుగానే అలసిపోతుంది.

లోహం కూడా అలసిపోతుంది

లోహానికి అలసటేమిటని నవ్వకండి. ఒక్కసారి పడే బలానికి తెగని తీగ, అంతకన్నా తక్కువ బలం వేలసార్లు పడితే తెగుతుంది. ఎక్కడో ఒక చిన్న గీత, తుప్పు చుక్క లేదా గంటు దగ్గర కంటికి కనబడని పగులు మొదలవుతుంది. ఒక్కొక్క మెలికతో అది వెంట్రుకవాసి ముందుకు పోతుంది. ఒక రోజు మిగిలిన లోహం చాలక టప్పున తెగుతుంది.

అమెరికాలో ఇళ్ల కారు గదుల తలుపులకు ఇలాంటి స్ప్రింగులే ఉంటాయి. అక్కడ స్థిరపడిన మన తెలుగువారి ఇళ్లలోనూ ఇవి ఉంటాయి. వాటిని సాధారణంగా 10,000 సార్లు తెరిచి మూసేందుకు తగినట్లు చేస్తారు. ఆ లెక్కను మన అంగడికి వేద్దాం. మధ్యాహ్నం భోజనానికి మూసే అంగడి షట్టరు రోజుకు రెండుసార్లు తెరుచుకొని మూసుకుంటుంది. ఏడాదికి 360 రోజులనుకుంటే 720 సార్లు. 10,000ను 720తో భాగిస్తే సుమారు 14 ఏళ్లు.

దీన్నిబట్టి మరో సంగతి తేలుతుంది. ఒకేరోజు బిగించిన నాలుగు స్ప్రింగులలో ఒకటి అలసి తెగిందంటే, మిగిలిన మూడూ అన్నిసార్లే మెలితిరిగాయి. వాటి వయసూ అదే. అందుకే తెలిసిన మెకానిక్కులు ఒక్కదాన్నే మార్చకుండా అన్నిటినీ ఒకేసారి మార్చమంటారు. అది డబ్బు గుంజే ఎత్తు కాదు, ఆ సలహాలో సైన్సు ఉంది.

చేసి చూడండి

1. బాల్‌పెన్ను స్ప్రింగును కొద్దిగా సాగదీసి వదలండి. మొదటి పొడవుకు వస్తుంది. ఇంకా గట్టిగా లాగి వదలండి. ఇక పూర్తిగా వెనక్కు రాదు. స్థితిస్థాపక అవధిని దాటారన్నమాట. షట్టరు స్ప్రింగును మితిమీరి తిప్పినా ఇదే జరుగుతుంది.

2. ఒక జెమ్ క్లిప్పును విప్పి, తీగను బాగా వంచుతూ తిరిగి సరిచేస్తూ ఉండండి. ఎన్నిసార్లకు విరిగిందో లెక్కపెట్టండి. మరో క్లిప్పును సగం కోణమే వంచుతూ లెక్కపెట్టండి. రెండు సంఖ్యలనూ పోల్చండి. తక్కువ వంచితే ఆయుష్షు ఎంత పెరుగుతుందో మీకే తెలుస్తుంది.

3. పెన్సిలుకు సన్నని రాగితీగను సందు లేకుండా 10 చుట్లు చుట్టండి. ఆ చుట్ల మొత్తం పొడవును స్కేలుతో కొలిచి 10తో భాగించండి. తీగ వ్యాసం వస్తుంది. మీ బడిలో చేసిన ప్రయోగమే ఇది. మెకానిక్కు ఊడదీసిన పాత స్ప్రింగునూ ఇలాగే కొలవవచ్చు. ఆనుకొని ఉన్న 10 చుట్లు 60 మిల్లీమీటర్లుంటే తీగ 6 మిల్లీమీటర్లు. 55 ఉంటే 5.5 మిల్లీమీటర్లు. ఆరు అంగుళాల స్కేలు చాలు. ఒక్క చుట్టును కొలిస్తే కంటికి అందని అర మిల్లీమీటరు, పది చుట్లలో అర సెంటీమీటరై కనిపిస్తుంది!

మిగిలిన భాగాల సంగతి

బేరింగు: పెద్ద షట్టర్లలో చక్రాలు తేలిగ్గా తిరగడానికి బాల్ బేరింగులు ఉంటాయి. బేరింగు మీద 6205 వంటి అంకె చెక్కి ఉంటుంది. చివరి రెండంకెలను 5తో హెచ్చించండి. 05 × 5 = 25. లోపలి రంధ్రపు వ్యాసం 25 మిల్లీమీటర్లన్నమాట. 6210 అయితే 50 మిల్లీమీటర్లు. చివరి రెండంకెలు 04 గాని, అంతకన్నా ఎక్కువ గాని ఉన్న ఈ వరుస బేరింగులకు ఇది వర్తిస్తుంది. అంకె తరువాత జడ్.జడ్. అని ఉంటే ఇరువైపులా రేకు మూత, 2ఆర్.ఎస్. అని ఉంటే రబ్బరు మూత. మన ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే కురుస్తుంది, దుమ్ము ఎక్కువ. రేకు మూత అంచున సన్నని సందు ఉంటుంది. రబ్బరు మూత ఆ సందును కూడా మూస్తుంది. దుమ్ము లేచే వీధికి అదే మేలు.

పట్టీలు: "మందం రేకు వేస్తే గట్టిగా ఉంటుంది" అని 0.9 మిల్లీమీటరు పట్టీలన్నీ తీసి 1.2 మిల్లీమీటర్లవి వేయించారనుకోండి. బరువు మూడోవంతు పెరిగి 90 కిలోలు 120 అవుతుంది. పాత స్ప్రింగులు ఆ భారాన్ని మోయలేవు. పట్టీలు మారిస్తే స్ప్రింగుల లెక్క కూడా మారాలి. మంచి వస్తువు అంటే ఖరీదైనదీ, లావైనదీ అనుకోకూడదు. తన జతగాళ్లకు సరిపోయేదే మంచి భాగం.

గైడు: పట్టీల చివరలు జారే నిలువు చానెల్‌ను గైడు అంటారు. పడమటి ఎండకు షట్టరు రేకు 30 డిగ్రీల సెల్సియస్ వేడెక్కిందనుకోండి. ఉక్కు దైర్ఘ్య వ్యాకోచ గుణకం డిగ్రీకి 0.000012. మూడు మీటర్ల పట్టీ 3,000 × 0.000012 × 30 = 1.08 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కొత్త పట్టీని గైడులో సందు లేకుండా కోస్తే మధ్యాహ్నానికి షట్టరు బిగుసుకుంటుంది. గైడులో గ్రీజు దట్టంగా పూయడమూ పొరపాటే. గ్రీజుకు దుమ్ము అంటుకొని ఆకురాయిలా రుద్దుతుంది. పాత గుడ్డతో దుమ్ము తుడిచి, పలుచని నూనె కొద్దిగా రాస్తే చాలు.

బోల్టు: షట్టరు బరువంతా చివరకు బ్రాకెట్ బోల్టులమీదే ఆధారపడుతుంది. బోల్టు తలమీద 4.6 లేదా 8.8 వంటి సంఖ్య ఉంటుంది. చుక్కకు ముందున్న అంకెను 100తో హెచ్చిస్తే, ఎన్ని న్యూటన్ల బలానికి ఒక చదరపు మిల్లీమీటరు లోహం తెగుతుందో తెలుస్తుంది. 4.6కు 400, 8.8కు 800. చుక్క తరువాతి అంకె, ఆ బలంలో ఎన్ని పదోవంతుల దగ్గర లోహం తిరిగిరాకుండా సాగడం మొదలవుతుందో చెబుతుంది. 8.8 బోల్టుకు అది 640, 4.6 బోల్టుకు 240. తలమీద ఏ గుర్తూ లేని బోల్టు బలం ఎంతో మనం చెప్పలేం.

కొనేముందు అడగవలసినవి

పాత భాగాన్ని పారవేయకుండా వెంట తీసుకువెళ్లండి. స్ప్రింగు విషయంలో ఐదు సంగతులు చూడాలి.

1. తీగ వ్యాసం.
2. స్ప్రింగు లోపలి వ్యాసం.
3. చుట్ల సంఖ్య. చుట్లు పెరిగితే గట్టిదనం తగ్గుతుంది.
4. చుట్టిన దిశ. స్ప్రింగును నిలబెట్టి చూడండి. ఎదురుగా కనిపించే తీగలు కుడివైపుకు పైకి పోతుంటే అది కుడి చుట్టు, ఎడమవైపుకు పోతుంటే ఎడమ చుట్టు. పాతది ఏ చుట్టయితే కొత్తదీ అదే కావాలి.
5. లోహం. మామూలు మెత్తని ఉక్కులో కార్బన్ తక్కువ. స్ప్రింగుకు కార్బన్ ఎక్కువగా ఉన్న ఉక్కుతీగ కావాలి. తీగమీద తుప్పు, గీతలు, గంట్లు ఉండకూడదు.

భారత ప్రమాణాల సంస్థ లోహపు షట్టర్లకు ఐ.ఎస్. 6248 అనే ప్రమాణాన్ని, స్ప్రింగుల ఉక్కుతీగకు ఐ.ఎస్. 4454 అనే ప్రమాణాన్ని వెలువరించింది. తీగ ఏ ప్రమాణానికి తగినదో చెప్పి, బిల్లుమీద రాసి ఇమ్మని అడగడం కొనేవారి హక్కు.

పాత అంగళ్లకు షట్టర్ల బదులు చెక్క పలకల తలుపులుండేవి. పలకలమీద వరుసగా అంకెలు వేసేవారు. మూడో పలక చోట ఐదోది పెడితే తలుపు కుదిరేది కాదు. ఇప్పుడు పెనుకొండ దగ్గర 2019 నుంచి నడుస్తున్న కార్ల కర్మాగారంలోనూ ప్రతి భాగానికీ ఒక సంఖ్య, ఒక కొలత ఉంటాయి. "చూడటానికి అలాగే ఉంది" అన్న మాట అక్కడా చెల్లదు, షట్టరుకూ చెల్లదు.

జాగ్రత్తలు

స్ప్రింగు బిగించడం, విప్పడం నేర్చినవారు చేయవలసిన పని. షట్టరు పైకి ఉన్నా స్ప్రింగులో కొన్ని చుట్లు మిగిలే ఉంటాయి. కాబట్టి ఏ స్థితిలోనూ దానిని తాకకండి. మీ పని చూడటం, కొలవడం, లెక్క వేయడం, పెద్దలకు చెప్పడం.

షట్టరు బాగుందో లేదో పెద్దలు ఇలా పరీక్షించవచ్చు. సగం ఎత్తి, చేయి దగ్గరే ఉంచి, మెల్లగా పట్టు సడలించాలి. నిలబడితే పొందిక సరిగా ఉంది. కిందికి జారితే స్ప్రింగు బలం చాలదు. పైకి లాగేస్తే చుట్లు ఎక్కువయ్యాయి. ఆ సమయంలో షట్టరు కింద ఎవరి కాళ్లూ, చేతులూ ఉండకూడదు. మునుపటికన్నా షట్టరు బరువనిపించినా, కొత్త చప్పుడు వచ్చినా, ఒక పక్కకు ఒరిగినా ఆ రోజే మెకానిక్కును పిలవాలి. అప్పటిదాకా దాని కిందనుంచి వంగి దూరవద్దు. పట్టీల సందుల్లో వేళ్లు పెట్టవద్దు. పిడినే పట్టుకోండి.

అమెరికాలో పైకి లేచే గ్యారేజి తలుపును సి.జి. జాన్సన్ 1921లోనూ, దానిని నడిపే విద్యుత్ యంత్రాన్ని 1926లోనూ రూపొందించాడు. తరువాతి కాలంలో అలాంటి విద్యుత్ తలుపుల కింద చిక్కుకొని పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. అందువల్ల అక్కడ ఇళ్లకోసం తయారయ్యే యంత్రాలకు, అడ్డు తగిలితే తలుపును వెనక్కు తిప్పే ఏర్పాటు తప్పనిసరి చేశారు. మన చేతి షట్టరుకు అలాంటి ఏర్పాటు లేదు. దానికి సరైన స్ప్రింగు, గట్టి బోల్టు, మన జాగ్రత్త – ఈ మూడే రక్షణ.

ప్రశ్నలు

1. 2.5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న షట్టరు చదరపు మీటరుకు 10 కిలోలయితే దాని ద్రవ్యరాశి ఎంత? అది మూసి ఉన్నప్పుడు స్ప్రింగులలో ఉండే శక్తి సుమారు ఎంత?
2. 5 మిల్లీమీటర్ల తీగ బదులు 6 మిల్లీమీటర్ల తీగ వాడితే స్ప్రింగు గట్టిదనం ఎన్ని రెట్లవుతుంది? అప్పుడు షట్టరు ఎలా ప్రవర్తిస్తుంది?
3. 6208 అనే బేరింగు లోపలి వ్యాసం ఎంత?
4. మీ వీధిలో ఐదు షట్టర్లను దూరంనుంచి గమనించండి. ఏవి తేలిగ్గా లేస్తున్నాయి? ఏవి కష్టంగా లేస్తున్నాయి? కారణాలు ఊహించి రాయండి.

జవాబులు: 1. 75 కిలోలు, సుమారు 1,100 జౌళ్లు. 2. సుమారు 2.07 రెట్లు, షట్టరు పైకి లాగేస్తుంది, మూయడం కష్టమవుతుంది. 3. 40 మిల్లీమీటర్లు. 4. మీ పరిశీలనను మీ సైన్సు ఉపాధ్యాయునికి చూపించండి.